చదివి వినిపించగా



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటయిందో ఆ గురువుగారు వకీలు కారు, ప్రొఫెసరు కారు. దస్తావేజు లేఖరి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో, వాలుబల్ల ముందు కూర్చుని, బతుకంతా జనం ఇచ్చిపుచ్చుకున్న మాటలను కాగితం మీద పెట్టారు. లా చదువుతున్న రోజుల్లో రెండు వేసవి సెలవులు నేను ఆయన దగ్గర పనిచేశాను. చిత్తు ఆయన రాసేవారు, సాఫు నేను ఎత్తేవాణ్ణి. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లుగా హైదరాబాదులో ఒప్పందాలు రాయడమే నా వృత్తి. ఇప్పుడు చిత్తు దగ్గర్నుంచి సంతకం దాకా అంతా తెర మీదే నడుస్తోంది. వాలుబల్ల నుంచి తెర దాకా వచ్చిన దారిలో వెంట ఏం తెచ్చుకున్నాం, ఏం వదిలేసి వచ్చాం అన్నది ఈ సాయంత్రం మీతో చెప్పుకుంటాను.

మన దస్తావేజుల చివర ఒక మాట ఉంటుంది. పైన రాసినదంతా చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకుని, ఇష్టపూర్తిగా చేసిన సంతకం అని. చాలామంది లేఖరులకు అది చేతి అలవాటుగా వచ్చే ముగింపు. గురువుగారికి మాత్రం అది చెయ్యవలసిన పని. సాఫు పూర్తయ్యాక పైకి చదివేవారు. హద్దుల దగ్గర ఆగి, తూర్పు డొంక ఎవరి చేను పక్కన ఉందో అడిగేవారు. అంతా అయ్యాక కళ్లజోడు తీసి, "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా, నేనేం చదివానో" అనేవారు.

ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు తమ అక్కగారిని వెంటబెట్టుకుని వచ్చారు. తండ్రి ఇంట్లో ఆమెకున్న వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల దస్తావేజు రాయాలి. రాశాం, చదివాం. గురువుగారు అలవాటు ప్రకారం అడిగారు. ఆమె, "తమ్ముళ్లు బ్యాంకులో అప్పు తీసుకుంటున్నారు బాబూ, నేను సాక్షి సంతకం పెడుతున్నా" అంది. ఆయన కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టారు. "ఇంటికెళ్లి ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని రండి" అన్నారు. రాతకూలి కూడా తీసుకోలేదు. ఆ దస్తావేజు ఆ రోజు రిజిస్టరు కాలేదు. తర్వాత అయిందో లేదో నాకు తెలియదు. నిశాని వెయ్యడానికి సిద్ధంగా ఇంకు అంటుకున్న ఆమె ఎడమ బొటనవేలు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది.

ఆ వేలిముద్ర చరిత్ర కూడా ఒక కాంట్రాక్టు దగ్గరే మొదలవుతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1858 జులైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు పనికి సామగ్రి సరఫరా చేయడానికి రాజ్యధర్ కొనాయ్ అనే ఆయనతో ఒప్పందం రాయించుకున్నాడు. కొనాయ్ తన చేతితోనే బెంగాలీలో ఒప్పందం రాశాడు. అయినా హెర్షెల్‌కు నమ్మకం కుదరలేదు. ఆఫీసు ముద్రకు వాడే సిరాను కొనాయ్ అరచేతికి పూసి, ఆ కాగితం వెనక మొత్తం చెయ్యి అచ్చు వేయించుకున్నాడు. రేపు ఇది నా సంతకం కాదంటే ఎలా అన్నది అతని బెంగ. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ఇవాళ ఆధార్ యంత్రం మీద వేలు పెడుతున్నామంటే, ఆ కొనాయ్ చెయ్యే ఇంతదూరం నడిచి వచ్చిందన్నమాట.

ఈ కథలో హెర్షెల్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఒప్పుకున్నది ఈ మనిషేనా? గురువుగారు అడిగినది వేరు: ఈ మనిషి ఒప్పుకున్నది దేనికి? నూట అరవై ఏళ్లలో మొదటి ప్రశ్నకు మనం అద్భుతమైన జవాబు కనిపెట్టాం. రెండో ప్రశ్నను తెర మీదికి తెచ్చుకోవడమే మరిచాం. నేను చెప్పదలచినదంతా ఇదే.

చట్టం రెండు ప్రశ్నలూ అడుగుతుంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 13వ సెక్షను సమ్మతిని ఒక్క వాక్యంలో నిర్వచిస్తుంది. ఇద్దరూ ఒకే విషయానికి, ఒకే అర్థంలో ఒప్పుకోవాలి. కాగితం కావాలని ఆ నిర్వచనంలో లేదు. అందుకే ఆ పాత చట్టం ప్రతి కొత్త సాధనాన్నీ ఇముడ్చుకుంది. అహ్మదాబాద్ వ్యాపారికీ ఖాంగావ్ వ్యాపారికీ మధ్య పత్తిగింజల చెక్క బేరం టెలిఫోన్లో కుదిరితే, ఒప్పందం ఏ ఊళ్లో పుట్టినట్టు అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అంగీకారం చెవిన పడ్డ చోటే పుట్టిందని 1965లో తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలోనే ఉన్న జస్టిస్ హిదయతుల్లా గారు మాత్రం ఒప్పుకోలేదు. 1872 నాటి మాటలు ఆ అర్థం ఇవ్వవని విడిగా తీర్పు రాశారు. లా విద్యార్థులు ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. తర్వాత బాక్సైటు సరుకు మీద ట్రైమెక్స్, వేదాంతా సంస్థల మధ్య నడిచిన వ్యాజ్యంలో, ఈమెయిళ్లలో షరతులన్నీ కుదిరితే చాలు, లాంఛనంగా ఒప్పందపత్రం మీద సంతకాలు పడకపోయినా కాంట్రాక్టు ఉన్నట్టేనని 2010లో అదే కోర్టు చెప్పింది.

ఎలక్ట్రానిక్ సంతకానికి విడిగా చోటు ఇచ్చింది 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం. దానికి 2008లో చేసిన సవరణ, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని స్పష్టంగా రాసింది. వీలునామాను మాత్రం ఆ చట్టం ఇప్పటికీ బయటే ఉంచింది. దానికి కాగితం, ఇద్దరు సాక్షులు కావలసిందే. చనిపోయాక మనిషిని అడగలేం కనుక అది సబబేనని నా అభిప్రాయం.

ఇక ఆ సంతకం ఎలా పనిచేస్తుందో చెబుతాను. ఇందులో నాకు నిజంగా అబ్బురం అనిపించే అందం ఉంది. ఒప్పందం ఫైలును ఒక గణితసూత్రంలోంచి పంపిస్తే, అది ఎన్ని పుటలున్నా సరే, 64 అక్షరాల ఒక వరుస వస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. కాగితానికే వేలిముద్ర తీసినట్టు. ఎక్కడో ఒక కామా మార్చినా 64 అక్షరాల వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఆ హ్యాష్‌ను సంతకందారు తన రహస్య తాళంచెవితో బిగిస్తాడు. జతగా ఉన్న బహిరంగ తాళంచెవితో ఎవరైనా తెరిచి సరిచూసుకోవచ్చు. ఈ జంట తాళంచెవుల ఊహను డిఫీ, హెల్‌మన్ 1976లో ప్రకటించారు. ఆ మరుసటి ఏడే రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ దాన్ని ఆచరణలో చూపారు. మన దేశంలో ఫలానా తాళంచెవి ఫలానా మనిషిదేనని ధ్రువీకరించే సంస్థలకు లైసెన్సు ఇచ్చే అధికారి ఉన్నారు. హైదరాబాదులో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ కూడా బ్యాంకుల కోసం అలా ధ్రువీకరించే పని చేసింది.

2015 నుంచి ఈసైన్ అనే సేవతో ఇది ఇంకా తేలికైంది. ఆధార్‌తో ముడిపడ్డ ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టగానే, భద్రమైన యంత్రంలో మీకోసం ఒక తాళంచెవుల జత పుడుతుంది. రహస్య తాళంచెవి ఒక్క సంతకం చేసి చెరిగిపోతుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ ఈసైన్ సంస్థకు మీ ఒప్పందం వెళ్లదు. ఆ 64 అక్షరాల హ్యాష్ మాత్రమే వెళుతుంది. మీ వ్యవహారం గుట్టు కాపాడటానికి అలా కట్టారు, అది మంచిదే. కానీ దాని అర్థం ఏమిటి? మీ చేత సంతకం చేయిస్తున్నవారు ఆ దస్తావేజులో ఒక్క అక్షరం కూడా చూడరు. లేఖరి చదివి వినిపించే సంగతి అలా ఉంచండి, లేఖరి దగ్గర కాగితమే లేదు.

తెర మీద సంతకం గీసిన బొమ్మను అతికించడం వేరు, తాళంచెవితో చేసే ఈ సంతకం వేరు. అతికించిన బొమ్మ ఉన్న ఒప్పందం ఇతర సాక్ష్యాలతో నిలవవచ్చు గాని, చట్టం గుర్తించిన సంతకానికి ఉండే రక్షణ దానికి ఉండదు. ఇంకొకటి. పీడీఎఫ్ తెరిచినప్పుడు సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం కనిపించి చాలామంది కంగారు పడతారు. సంతకం దొంగదని కాదు. మన దేశపు మూల సర్టిఫికెట్టును మీ కంప్యూటరు ఇంకా నమ్మడం నేర్చుకోలేదు, అంతే. ఒకసారి దాన్ని చేర్చి సరిచూస్తే పచ్చటి గుర్తు వస్తుంది. అలాగే, సంతకం తెర మీద చేసినా స్టాంపు సుంకం తప్పదు. సంతకం కంటే ముందో, సంతకంతో పాటో చెల్లించాలి. 1899 నాటి స్టాంపు చట్టానికి తెర అన్నా కాగితమన్నా ఒకటే.

ఇంత పటిష్ఠమైన తాళాన్ని మనం ఎలా వాడుకుంటున్నాం? చిన్న కంపెనీల్లో డైరెక్టరుగారి రహస్య తాళంచెవి ఉండే డిజిటల్ సంతకం టోకెన్ ఎక్కడుంటుందంటే, ఆడిటరుగారి సొరుగులో. పాస్‌వర్డు దాని మీదే చిన్న కాగితం ముక్కతో అతికించి ఉంటుంది. రహస్య తాళంచెవి తన అదుపులోనే ఉండేలా జాగ్రత్తపడటం సంతకందారు బాధ్యత అని సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను చెబుతోంది. టోకెన్ ఇచ్చేసిన మనిషి ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి కట్ట ఇచ్చేసినట్టే. మా తాతల కాలంలో ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టిన రైతును ఊరంతా కోప్పడేది. ఆ కోపం ఇప్పుడు మనకు మళ్లీ కావాలి.

సంతకం ఒక్క క్షణం పని. ఒప్పందం తయారయ్యేది చిత్తులో. గురువుగారి దగ్గర చిత్తు మీద కొట్టివేతలు, వరుసల మధ్య చేర్చిన మాటలు ఎన్నో ఉండేవి. అలాంటివి సాఫులోకి కూడా వస్తే, ఏ పుటలో ఏ పంక్తిలో ఏ మాట కొట్టివేయబడిందో చివర రాసి, దాని కింద సంతకం పెట్టించేవారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కూడా దిద్దుబాట్ల దగ్గర పార్టీల సంతకమో పొడి అక్షరాలో ఉండాలని కోరుతుంది. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఏ రోజు, ఏ గంటకు ఏ మాట మార్చారో ఎర్ర గీతలతో కనిపించడం ఆ పద్ధతికే విస్తరణ. నలుగురు నాలుగు ఊళ్ల నుంచి ఒకే చిత్తు మీద పనిచేయవచ్చు. పాత రూపాలన్నీ వరుసగా దాచి ఉంటాయి. నిజాయితీగా వాడితే ఇంతకన్నా మంచి చిత్తుపుస్తకం ఎన్నడూ లేదు.

నిజాయితీగా అని ఎందుకన్నానంటే, నాకొక దెబ్బ తగిలింది. యంత్రాల విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమ తరఫున నేను ఒప్పందం చూస్తున్నాను. ఫైలు ఈమెయిళ్లలో ఏడుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఏడోసారి వచ్చినదానిలో ఎర్ర గీతలు రెండే కనిపించాయి. రెండూ చిన్నవి. అవి మాత్రమే చదివి సరే అన్నాను. నా క్లయింటు మీద పడే నష్టపరిహారానికి ఒక గరిష్ఠ మొత్తం రాసుకున్న క్లాజు మాయమైందని ఏడాది తర్వాత, తగాదా వచ్చాక, కనిపించింది. మార్పుల గుర్తింపు ఆపి ఎవరో ఆ నాలుగు పంక్తులు తీసేశారు. కావాలనో పొరపాటునో నేను నిరూపించలేకపోయాను. సంతకం మాత్రం నూటికి నూరుపాళ్లు సక్రమం. హ్యాష్ సరిపోయింది, పచ్చ గుర్తు వెలుగుతోంది. మారకుండా కాపాడిన కాగితం, నేను చదవని కాగితం. తప్పు నాది. ఆ రోజు నుంచి అవతలివాళ్లు పంపిన గీతలను నమ్మను. నా దగ్గర ఉన్న ఆఖరి రూపాన్నీ వచ్చినదాన్నీ యంత్రం చేతనే పోల్చి చూసి, తర్వాత మొదటి పుట నుంచి చివరిదాకా పైకి చదువుతాను. జూనియర్లు ఎదురుగా కూర్చుని పాత ప్రతి పట్టుకుని వింటారు.

ఇదంతా ఇంగ్లీషు ఒప్పందాల సంగతి. తెలుగులోకి వస్తే కష్టం ఇంకో చోట ఉంది. మన ఊళ్లలో దస్తావేజులు ఇప్పటికీ ఎక్కువగా 'అను' అనే ఫాంట్లలో కొడతారు. అచ్చులో అక్షరం ముద్దుగా ఉంటుంది. కానీ కంప్యూటరు లోపల అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకు తొడిగిన తెలుగు ముసుగు. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు. వెతికితే పేరు దొరకదు, రెండు ప్రతులను పోల్చమంటే పోల్చలేదు, పైకి చదవమంటే చదవలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. యూనికోడ్‌లో కొట్టినా ఒక మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో పొల్లు విడిగా నిలవడానికి కంటికి కనిపించని ఒక గుర్తు వేస్తాం. ఆ గుర్తు ఒకరు ఒకచోట వేసి, మరొకరు వెయ్యకుండా వదిలేస్తే, తెర మీద చూపుకు తేడా అందని చోట్ల కూడా యంత్రానికి అవి రెండు వేరు మాటలు. హ్యాష్ మారిపోతుంది. కాబట్టి తెలుగులో ఒప్పందం రాసే వారికి ఒకే కీబోర్డు పద్ధతి, ఒకే ఫాంటు, ఫైలులోనే ఫాంటును పొదిగే అలవాటు కావాలి. చిన్న విషయమని అనుకోకండి. ఇది కుదిరే దాకా తెలుగువాడు ఇంగ్లీషు కాగితం మీదే సంతకం పెడతాడు.

ఆ ఇంగ్లీషు కాగితానికి తెలుగు అనువాదం జత చేసినా, రెంటికీ తేడా వస్తే ఇంగ్లీషే చెల్లుతుందని ఒక క్లాజు ఉంటుంది. అంటే మనిషి చదివేది ఒకటి, కట్టుబడేది ఇంకొకటి. ఒకే అర్థంలో ఒప్పుకోవాలన్న 13వ సెక్షను ముందు ఈ క్లాజు ఎలా నిలబడుతుందో నాకు అంతుపట్టదు. నిరక్షరాస్యుల సంతకం విషయంలో మన కోర్టులు మరోలా ఆలోచించాయి. పరదా చాటున బతికే పరదానశీన్ స్త్రీలకు రక్షణగా ప్రీవీ కౌన్సిల్ నాడు మొదలైన సూత్రాన్ని చదువురాని వారికీ వర్తింపజేశాయి. దస్తావేజు చదివి వినిపించామని, అర్థమయ్యాకే నిశాని పడిందని లాభం పొందినవాడు రుజువు చేయాలి. ఇవాళ ఫోనులో ఇంగ్లీషు షరతులు దొర్లించి ఓటీపీ కొట్టినవాడు డిగ్రీ చదివి ఉండవచ్చు. ఆ కాగితం ముందు అతను నిరక్షరాస్యుడే. సంతకం చేయించే వేదిక దాచే చిట్టాలో ఏ నిమిషానికి ఏ ఫోను నుంచి సంతకం పడిందో ఉంటుంది. అతనికి ఏం అర్థమయిందో ఉండదు.

దీనికి ఎంత మూల్యం చెల్లించామో హైదరాబాదుకు తెలుసు. 2020 చివర్లో రుణాల యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు మనం చదివాం. వాళ్లలో ఎవరికైనా సంతకానికి ముందు ఆ షరతులు ఎవరైనా చదివి వినిపించి ఉంటారా? 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు నియమాలు పెట్టింది. సంతకమైన కాగితాలు అప్పు తీసుకున్నవారికి చేరాలని, మనసు మార్చుకోవడానికి వ్యవధి ఉండాలని అంది. 2024 ఏప్రిల్ 15న వచ్చిన ఆదేశం చదివి నేను కుర్చీలోంచి లేచాను. అప్పు ముఖ్యాంశాల పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, దాన్ని వివరించాలి, అర్థమయిందని వారి చేత చెప్పించుకోవాలి. వారం లేదా అంతకు మించిన గడువున్న అప్పులకు ఆ పత్రంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు మారకుండా నిలిచి ఉండాలి, ఆలోచించుకోవడానికి. ఆ అక్టోబరు నుంచి వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఇచ్చే కొత్త టర్మ్ లోన్లకు ఇది నియమం. రేకుల పంచలో కళ్లజోడు తీసి అడిగిన ప్రశ్న దేశపు రిజర్వు బ్యాంకు ఆదేశంలోకి వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఇక మిగతా ఒప్పందాల పని మనదే. కౌలు, అద్దె, ఉద్యోగం, సరఫరా. మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాం. ఓటీపీ లింకు పంపే ముందు, రెండు వైపుల వాళ్లనూ ఫోనులోకి తీసుకుని, తెలుగులో మూడు విషయాలు వాళ్ల నోటితోనే చెప్పమంటాం. ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వాలి, తేడా వస్తే ఎవరు భరించాలి, వద్దనుకుంటే ఎలా బయటపడాలి. వాళ్ల అనుమతితో ఆ మాటలు రికార్డు చేసి ఒప్పందంతో పాటే దాస్తాం. కాలహరణం అని కొందరు విసుక్కుంటారు. ఒక్కో ఒప్పందానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

పోయిన ఏడాది పచ్చళ్లు చేసే ఒక మహిళా సంఘానికీ, దుకాణాల వరస నడిపే ఒక సంస్థకూ మధ్య సరఫరా ఒప్పందం కుదిర్చాం. డబ్బు 45 రోజుల్లో ఇవ్వాలన్నది చిన్న పరిశ్రమల చట్టం పెట్టిన గరిష్ఠ గడువు, అది సరిగ్గానే రాశారు. సంఘం అధ్యక్షురాలు గడగడా అప్పజెప్పింది. అమ్ముడుపోని సీసాలు వాళ్ల ఖర్చుతో వెనక్కి పంపుతారు అంది. అవతలి మేనేజరుగారు ఒక్క క్షణం ఆగి, "లేదమ్మా, ఆ రవాణా మీదే అని ఉంది" అన్నారు. ఆయన ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయనకు నా నమస్కారం. సంతకం ఆపాం. చిత్తు మళ్లీ తెరిచాం. రెండు రోజులు మాటలు నడిచాయి. మూడో రోజు పొద్దున ఆమె ఓటీపీ కొట్టి, "చూసుకోండి బాబూ, పచ్చ గుర్తు వచ్చింది" అని ఫోను చేసింది. పాత ప్రతి హ్యాష్‌నూ కొత్త ప్రతి హ్యాష్‌నూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. తిరుగు రవాణా ఖర్చు కొనుగోలుదారుదే అన్న ఆ ఒక్క వాక్యానికి ఆ 64 అక్షరాల వరుస మారిపోయింది.